హుయె, హోయ్ ఆన్: ఐదు రాత్రుల్లో రెండు పాత పట్నాలు, మధ్యలో ఒక కొండ

వియత్నాం ప్యాకేజీ అని అమలాపురంలో అడిగినా భీమవరంలో అడిగినా చేతిలో పెట్టే కాగితం ఇంచుమించు ఒక్కటే. హనోయి, హా లాంగ్ బే, డా నాంగ్ దగ్గర కొండమీద రాతిచేతులు మోస్తున్నట్టుండే బంగారు వంతెన, చివర హో చి మిన్ సిటీలో షాపింగు. హుయె, హోయ్ ఆన్ ఉంటే గింటే ఓ పూట కింద ఉంటాయి. పొద్దున్నే బస్సెక్కించి రెండు మూడు గంటలు తిప్పి, గైడు జెండా వెనకాల కాసేపు పరిగెత్తించి, మళ్లీ అంతసేపూ వెనక్కి తీసుకొస్తారు. ఆ రెండు ఊళ్లనే పనిగట్టుకుని చూడాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నానండి. ఐదు రాత్రులు చాలు. అంతకంటే తగ్గిస్తే మాత్రం రెండింటిలో ఒక ఊరు వదిలేయడం మేలు.

హుయె 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ రాజుల రాజధాని. హోయ్ ఆన్ అంతకు ముందే పేరుమోసిన రేవు. 16, 17 శతాబ్దాల్లో జపాను, చైనా వర్తకులు వీధులు కట్టుకుని కాపురమున్న ఊరు. ఈ రెంటికీ మధ్యలో డా నాంగ్ ఉంది. హుయె నుంచి డా నాంగ్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు, అక్కణ్ణించి హోయ్ ఆన్‌కి మరో 30. హుయె, డా నాంగ్ మధ్యలో హాయ్ వాన్ అనే కొండ తిన్నగా సముద్రంలోకి దిగిపోయి ఉంటుంది. ఆ కొండని ఏ పూట, ఏ బండిలో దాటాలో ముందు తేల్చుకోండి. హోటళ్లు, విమానం టిక్కెట్లు, ఏ ఊరు ముందన్నది అన్నీ దాన్నిబట్టే కుదురుతాయి. చాలామంది హోటలు ముందు బుక్ చేసేసి, దారి సంగతి అక్కడికెళ్లాక చూసుకుందాంలే అనుకుంటారు. అలాంటివాళ్లకి సొరంగంలోంచి వెళ్లే బస్సే మిగుల్తుంది.

ఎప్పుడు వెళ్లాలి

డెల్టా వాళ్లకి ఇందులో ఓ చిక్కుంది. మనకి తుపాన్లొచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లోనే అక్కడా ముంపు. హుయె ఆ దేశంలో బాగా వానలు పడే ఊళ్లలో ఒకటి. తూర్పు నుంచి వచ్చే తేమగాలి పడమటి కొండలకి కొట్టుకుని అక్కడే కుమ్మరించేస్తుంది. నదులేమో పొట్టివి, కొండ దిగిన నీళ్లు గంటల్లో ఊళ్లో ఉంటాయి. భద్రాచలంలో నీటిమట్టం చూసి మన లంకల వాళ్లు సామాను సర్దుకుంటారు కదా, అంత వ్యవధి అక్కడ దొరకదు. 1999 నవంబరులో వచ్చిన వరదని హుయె వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2025 అక్టోబరు ఆఖర్లో రెండు ఊళ్లూ మునిగాయి. దసరా సెలవులు కలిసొస్తాయని అక్టోబరులో టిక్కెట్లు తీసుకోవద్దు. ధర తక్కువ కనిపించేది కూడా అందుకే.

డిసెంబరు, జనవరుల్లో వరద భయం తగ్గుతుంది గానీ హుయెలో రోజుల తరబడి సన్నజల్లు, చలి. సంక్రాంతికి వెళ్లేవాళ్లు స్వెట్టరు, గొడుగు పెట్టుకోవాలి. అసలైన కాలం ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ మధ్య దాకా. దాళ్వా నాట్లయిపోయి కోతలకి ఇంకా టైముండే రోజులు కాబట్టి వ్యవసాయం ఉన్నవాళ్లకీ కుదురుతుంది. (రొయ్యల చెరువులున్నవాళ్లకి ఏ నెలా కుదరదు, అది వేరే సంగతి.) పిల్లల పరీక్షలయ్యాక ఏప్రిల్ ఆఖర్లో వెళ్దామంటే ఓ తిరకాసు ఉంది. ఏప్రిల్ 30, మే 1 ఆ దేశానికి వరస సెలవులు. రైళ్లు, గదులు దొరకవు. మే రెండో వారానికి జరిపితే జనం తగ్గుతారు, ఎండ పెరుగుతుంది. మన రోహిణి కార్తె ఎండ తట్టుకునే ఒంటికి అదేం కొత్త కాదు గానీ, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయట తిరిగే పని పెట్టుకోకూడదు.

మరొకటి, వాళ్ల కొత్త సంవత్సరం తెట్. 2027లో అది ఫిబ్రవరి 6న. దానికి ముందు వారం, తర్వాత వారం రైలు సీట్లు ముందే అయిపోతాయి, చిన్న హోటళ్లు మూసేస్తారు. ఆ పదిహేను రోజులు తప్పించండి.

ఏ ఊరు ముందు

హుయె ముందు, హోయ్ ఆన్ తర్వాత. హోయ్ ఆన్ నుంచి డా నాంగ్ విమానాశ్రయానికి ముప్పావు గంట దారి. తిరుగు విమానం తెల్లవారుజామునున్నా కంగారుండదు. హుయెలో పగలంతా నడకే. ఒంట్లో ఓపిక ఉన్న మొదటి రెండు రోజుల్లో అది అయిపోవాలి. పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే ఈ వరసే మంచిది.

హైదరాబాదు నుంచి 2025లో హో చి మిన్ సిటీకీ హనోయికీ నేరుగా విమానాలు మొదలయ్యాయి. ఆ రెండు చోట్ల నుంచీ హుయె దగ్గరి ఫు బాయ్ విమానాశ్రయానికి లోకల్ విమానాలున్నాయి. అంటే వెళ్లేటప్పుడు హుయెలో దిగి, వచ్చేటప్పుడు డా నాంగ్‌లో ఎక్కితే నడిచిన దారిలో మళ్లీ నడవక్కర్లేదు. పోనూ రానూ టిక్కెట్టు డా నాంగ్‌కే తీసుకుంటే దిగిన రోజు పైకి, మూడో రోజు కిందికి, అదే దారిలో రెండుసార్లు తిరగాలి.

విశాఖ దగ్గర కదా అని సింగపూర్ మీదుగా వెళ్లేవాళ్లు ఒకటి చూసుకోవాలి. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండి, సామాను తిన్నగా వియత్నాం దాకా వెళ్తేనే ఆ దారి పట్టండి. చవగ్గా వస్తోందని రెండు వేరువేరు టిక్కెట్లు కొంటే సింగపూర్‌లో బయటికొచ్చి సామాను తీసుకుని మళ్లీ చెక్ఇన్ చేయాలి. బయటికి రావాలంటే మనకి సింగపూర్ వీసా కావాలి. అది లేదని విశాఖలోనే విమానం ఎక్కనివ్వరు. ఆదా అయిన నాలుగు వేలకి టిక్కెట్టు మొత్తం పోతుంది.

లోకల్ విమానంలో చేతిసంచి 7 కిలోలే అనే కంపెనీలున్నాయి, కాటా పెట్టి మరీ చూస్తారు. హైదరాబాదు నుంచి వచ్చిన విమానంలో 20 కిలోలున్నాయి కదా అని ధీమాగా ఉంటే అక్కడ కౌంటరులో కట్టాల్సొస్తుంది. బుక్ చేసేటప్పుడే కిలోలు కొనుక్కుంటే సగం ధర. ఆవకాయ సీసా చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ వాళ్లు తీయించేస్తారు. పెద్ద సామానులో వేసినా, నూనె కారకుండా రెండు కవర్లు చుట్టి డబ్బాలో దింపాలి.

వీసా కాగితం

ఈ-వీసా చాలు. ఒకసారి వెళ్లొచ్చేదానికి 25 డాలర్లు, గరిష్ఠంగా 90 రోజులు. పని దినాలు మూడు అంటారు గానీ పది రోజుల ముందు పెట్టుకోండి, సెలవులు లెక్కలోకి రావు. గూగుల్లో వెతికితే ముందు కనిపించేవి చాలావరకు ఏజెంట్ల సైట్లే. చివర గవ్ డాట్ వీఎన్ అని ఉన్నదే ప్రభుత్వానిది. దరఖాస్తు తిరస్కరించినా కట్టిన డబ్బు వెనక్కి రాదు.

తప్పులన్నీ జరిగేది పేరు దగ్గర. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో కొన్నింట్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొన్నింట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మరికొన్నింట్లో పేరంతా ఒకే గడిలో ఉంటుంది. ఆధార్‌లో ఎలా ఉందో, బ్యాంకులో ఎలా ఉందో మర్చిపోండి. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరసలుంటాయి కదా, అందులో పేరు ఏది ముందు, ఏది వెనక ఉందో వీసాలోనూ అలాగే రాయాలి. విమానం టిక్కెట్టు మీదా అదే పేరు. తేదీ రోజు, నెల, సంవత్సరం వరసలో వేయాలి. నెలా రోజూ తారుమారైతే 05/03 కాస్తా 03/05 అయి, వీసా మొదలవ్వకముందే మీరు దిగుతారు. ప్రవేశించే చోటు అన్న గడిలో, మీ పాస్‌పోర్టు మీద ముద్ర పడే విమానాశ్రయం రాయండి. హో చి మిన్ సిటీలో దిగి లోకల్ విమానం మారేవాళ్లకి అది హో చి మిన్ సిటీయే, హుయె కాదు. మొదటి తేదీ ప్రయాణానికి ఒక రోజు ముందుగా వేసుకుంటే అర్ధరాత్రి విమానాల లెక్కలో ఇబ్బంది రాదు. పాస్‌పోర్టు గడువు ఆరు నెలలకి పైన ఉండాలి. వీసా కాగితం మీద తీసి, వెనక్కొచ్చేదాకా దాచుకోండి.

హుయెలో రెండు రాత్రులు

దిగిన రోజు మధ్యాహ్నానికి చేరితే ఇంకేం పెట్టుకోవద్దు. మనకంటే వాళ్ల గడియారం గంటన్నర ముందుంటుంది, రాత్రి నిద్ర ఎలాగూ ఉండదు. సాయంత్రం నది ఒడ్డున నడిచి, దాంగ్ బా బజారు చూసి పడుకోవడమే.

రెండో రోజు పొద్దున్నే కోట. తలుపు తీసే వేళకి, అంటే ఏడింటికల్లా అక్కడుండాలి. తొమ్మిదిన్నరకి డా నాంగ్ బస్సులు దిగుతాయి. ఆ రెండున్నర గంటలూ మీవే. కోటని జా లాంగ్ రాజు 19వ శతాబ్దం మొదట్లో మొదలెడితే కొడుకు మిన్ మాంగ్ కాలంలో పూర్తయింది. బయటి గోడ చుట్టుకొలత పది కిలోమీటర్లు. ఫ్రెంచి పద్ధతి బురుజులు, చుట్టూ కందకం. లోపల మరో గోడ, దాని లోపల రాజుగారి కుటుంబం ఉండే నిషిద్ధ నగరం. అయితే ఆ నిషిద్ధ నగరంలో చాలా భాగం ఇప్పుడు ఖాళీ నేల. 1947లో ఫ్రెంచివాళ్లతో యుద్ధంలో తగలబడింది, మిగిలింది అమెరికా యుద్ధంలో, 1968 తెట్ దాడుల్లో పోయింది. ఇది తెలీకుండా వెళ్లినవాళ్లు "ఏముందండీ, పచ్చిక తప్ప" అంటారు. లోపల కాలిపెట్టే ముందు గోడ మీదున్న నమూనా పటం రెండు నిమిషాలు చూస్తే ఖాళీల్లో ఏమేం ఉండేవో తెలుస్తుంది. దక్షిణపు ద్వారం న్గో మోన్ మీద నిలబడే 1945 ఆగస్టు 30న ఆఖరి రాజు బావో దాయ్ గద్దె దిగాడు. సింహాసనపు భవనం థాయ్ హోవా మరమ్మతులు ముగిసి 2024 నవంబరులో తెరిచారు. కియెన్ ట్రుంగ్ భవనాన్ని పునాదుల మీంచి మళ్లీ కట్టి అదే ఏడాది తెరిచారు. కొత్త రంగుల మెరుపు కొందరికి నచ్చదు. నాకైతే థాయ్ హోవాలో ఎర్ర లక్క స్తంభాలు చూడ్డానికి బాగున్నట్టే లెక్క.

గైడ్లు తొందరగా దాటించేసేదీ, మనం ఆగి చూడాల్సిందీ ఒకటుంది. నైరుతి మూలన థె మియెవ్ అనే రాజుల గుడి ఎదుట తొమ్మిది కంచు పాత్రలు. మనిషికంటే ఎత్తు, రెండు టన్నులకి అటూ ఇటూ బరువు. 1835, 1837 మధ్య మిన్ మాంగ్ పోతపోయించాడు. ఒక్కోదాని మీద 17 ఉబ్బెత్తు బొమ్మలు. సూర్యుడు, కొండలు, సముద్రం, వరి కంకులు, చెట్లు, పక్షులు, ఓడలు, ఫిరంగులు. రాజ్యంలో ఏమేం ఉన్నాయో మొత్తం కంచులో పోసిపెట్టిన జాబితా అది. మధ్యలో ఒకడుగు ముందుకు జరిపి పెట్టిన పెద్దది జా లాంగ్ పేరిటది. దాని మీద మెకాంగ్ డెల్టాలో 1819, 1824 మధ్య తవ్విన విన్ తె కాలువ బొమ్మ కూడా ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో. అంతకు ముందే ఒక రాజు కాలువని తన వంశపు పాత్ర మీద దేవుడి బొమ్మలా చెక్కించుకున్నాడంటే కాలువగట్ల మీద పెరిగినవాళ్లం ఐదు నిమిషాలు అక్కడ నిలబడాల్సిందే. చుట్టూ తిరిగి చూడండి, తూటాలు తగిలిన సొట్టలు కూడా కనిపిస్తాయి.

టిక్కెట్టు కోటకి 2,00,000 డాంగులు, సమాధులకి ఒక్కోదానికి 1,50,000. కోట, రెండు సమాధులు కలిపి 4,20,000కి ఒకే టిక్కెట్టు ఉంది, రెండు రోజులు చెల్లుతుంది. కోట దగ్గరే అది అడిగి తీసుకోండి. విడిగా కొన్నాక కలిపి ఇవ్వమంటే ఇవ్వరు.

పదకొండుకి గదికొచ్చేసి, మధ్యాహ్నం రెండింటికి కారు మాట్లాడుకుని సమాధులకి వెళ్లాలి. రాజులు బతికుండగానే కట్టించడం మొదలెట్టుకున్న తోటలివి. మిన్ మాంగ్, ఖాయ్ దిన్, తు డుక్ మూడూ ఒకే పూటలో చూస్తే ఏది ఏదో గుర్తుండదు. మిన్ మాంగ్, ఖాయ్ దిన్ రెండూ చాలు. ఒకటి చెరువులు, చెట్లు, సరళరేఖలో ద్వారాలు. నడిమి ద్వారం రాజుగారి శవపేటిక తెచ్చినప్పుడు ఒక్కసారే తెరిచారు, మనం పక్క ద్వారంలోంచే వెళ్లాలి. రెండోది 1920 నుంచి పదకొండేళ్లు కట్టిన సిమెంటు కట్టడం. బయట నల్లగా, దిగులుగా ఉంటుంది. లోపల గోడలన్నీ పింగాణీ, గాజు ముక్కలు అతికించిన పూలు. దానికోసం రాజు జనం మీద పన్నులు పెంచాడు. అక్కడికి మెట్లు 127. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఇది వదిలి, ఊరికి దగ్గరున్న తు డుక్ సమాధి చూపించండి.

డ్రాగన్ పడవలో సమాధులకి తీసుకెళ్తామని ఒడ్డున వెంటపడతారు. పడవ మెల్లగా వెళ్తుంది, దిగాక మళ్లీ నడక, రోజంతా దానికే. పడవ సరదా ఉంటే సాయంత్రం థియెన్ ము గుడి దాకా చాలు. 1601లో వెలసిన గుడి, ఏడంతస్తుల గోపురం 1844 నాటిది. 1963లో సైగాన్‌లో (ఇప్పటి హో చి మిన్ సిటీ) ఆత్మాహుతి చేసుకున్న భిక్షువు థిచ్ క్వాంగ్ డుక్ ఎక్కివెళ్లిన ఆస్టిన్ కారు ఆ గుడి వెనకాల పెట్టి ఉంది.

కొండ దాటడం

మూడో రోజు పొద్దుటి రైలు. ఇది మీటరు గేజి, పట్టాలు కొండ అంచున సముద్రం మీదికి వంగినట్టు మెలికలు తిరుగుతాయి. అందుకే వంద కిలోమీటర్లకి మూడు గంటలు. విసుక్కోవద్దు, ఆ నిదానానికే డబ్బిస్తున్నాం. హుయె నుంచి వెళ్లేటప్పుడు సముద్రం ఎడమ చేతివైపు. డా నాంగ్ నుంచి హుయెకి వెళ్తే కుడివైపు. సీటు ఎంచుకునేటప్పుడు ఇది తప్పితే మూడు గంటలూ కొండరాయి చూస్తూ కూర్చోవాలి. లాంగ్ కో దగ్గర ఉప్పుకయ్య, ఇసుక తిన్నె కనిపించేదాకా మామూలు పొలాలే. అక్కణ్ణించి డా నాంగ్ దాకా కిటికీ వదలకూడదు.

2024 మార్చి నుంచి ఈ రెండు ఊళ్ల మధ్యే తిరిగే ప్రత్యేక రైలు ఉంది, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. లాంగ్ కోలో ఫొటోలకి కాసేపు ఆగుతుంది. మొదలుపెట్టినప్పుడు టిక్కెట్టు 1,50,000 డాంగులు. అది దొరక్కపోతే హనోయి నుంచి వచ్చే మామూలు రైల్లో మెత్తటి సీటు అడగండి. బెర్తు వద్దు. బెర్తు పెట్టెలో కిటికీ కింది బెర్తు వాళ్లది, వాళ్లు పడుకుని తెర వేసేస్తే మీకేం కనిపించదు. పైగా హనోయి బండి ఆలస్యంగా వస్తే ఆ రోజు లెక్కంతా జరిగిపోతుంది. మధ్యాహ్నపు రైలు చలికాలంలో వద్దు, కొండ దగ్గరకి వచ్చేసరికి వెలుతురు పోతుంది. రైల్వే సైటులో మన కార్డు పడకపోతే హుయెలో దిగిన రోజే హోటలు వాళ్లతో తెప్పించుకోండి. పాస్‌పోర్టు నెంబరు కావాలి.

నలుగురుంటే కారు కూడా బాగానే ఉంటుంది. హుయెలో ఎక్కి హోయ్ ఆన్ హోటలు గుమ్మంలో దిగొచ్చు, మధ్యలో ఆగొచ్చు. కాకపోతే 2005లో ఆరు కిలోమీటర్ల పైన పొడవున్న సొరంగం వచ్చాక డ్రైవర్లు దాంట్లోంచే వెళ్లిపోతారు. కొండ మీది పాత రోడ్డులోనే వెళ్లాలని బేరమాడేటప్పుడే చెప్పి, ఫోన్‌లో మెసేజీగా రాయించుకోండి. కొండ కొమ్ము సుమారు 500 మీటర్ల ఎత్తు. మబ్బు పట్టిన రోజు పైన ఏమీ కనిపించదు, అలాంటి రోజున రైలే నయం.

కుర్రాళ్లకి ఒక మాట. అద్దె మోటారుసైకిలు మీద ఈ కొండ దాటే వీడియోలు చూసి బయల్దేరుతున్నారు. మన ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్టు 1949 ఒప్పందం కిందిది. వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందం కింద ఇచ్చినదాన్నే. అంటే మీ దగ్గర లైసెన్సు లేనట్టే లెక్క. పోలీసు జరిమానా చిన్న సంగతి, ప్రమాదం జరిగితే ప్రయాణ బీమా పైసా ఇవ్వదు. బండి మీదే దాటాలనుంటే అక్కడి మనిషి నడిపే బండి వెనక కూర్చోండి, దానికీ మనుషులు దొరుకుతారు.

రైలు పదకొండు ప్రాంతంలో డా నాంగ్ చేరుస్తుంది. తిన్నగా హోయ్ ఆన్ పోకుండా, దగ్గరే ఉన్న చామ్ శిల్పాల (పూర్వం ఇక్కడ చంపా రాజ్యం ఏలినవాళ్లవి) మ్యూజియంలో గంటన్నర గడపండి. మర్నాడు చూడబోయే మి సన్ గుళ్లలోంచి తీసిన విగ్రహాలు చాలా వరకు ఇక్కడే ఉన్నాయి. ఇది చూడకుండా గుళ్లకి వెళ్తే ఇటుక గోడలే కనిపిస్తాయి. డా నాంగ్, హోయ్ ఆన్ చుట్టుపక్కల ప్రాంతాన్ని చంపా రాజ్యంలో అమరావతి అనేవారు. ఆ పేరు చూశాక మ్యూజియంలో మనవాళ్లు పదడుగులు ఎక్కువే నడుస్తారు.

హోయ్ ఆన్‌లో మూడు రాత్రులు

పాత ఊళ్లోకి కార్లు రావు. పొద్దున కొన్ని గంటలు, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా మోటారుసైకిళ్లు కూడా ఆపేస్తారు. హోటలు పాత ఊరి అంచుకి అర కిలోమీటరు లోపల తీసుకుంటే పెట్టెలు లాక్కెళ్లే బాధుండదు. నది ఒడ్డు గదికి ఫొటోల్లో అందమే గానీ రాత్రి పదిదాకా మైకుల గోల. ఊళ్లోకి టిక్కెట్టు విదేశీయులకి 1,20,000 డాంగులు, దాని మీదే కొన్ని పాత ఇళ్లు, చైనా వర్తకుల సంఘ భవనాలు చూడొచ్చు. వీధిలో నడవడానికి అడుగుతారో అడగరో చెప్పలేం గానీ, ఇళ్లలోకి వెళ్లాలంటే కావాలి.

బట్టలు కుట్టించుకునే ఆలోచనుంటే చేరిన రోజు సాయంత్రమే కొలతలివ్వాలి. "ఇరవై నాలుగు గంటల్లో" అని బోర్డులుంటాయి, ఇస్తారు కూడా. కానీ ఒకసారి వేసి చూసి, సరిచేయించి, మళ్లీ చూడాలంటే రెండు రోజులు కావాలి. ఆఖరి రోజు ఇచ్చినవాళ్ల కోటు చంకలో పట్టేసినా చేసేదేం ఉండదు. గుడ్డ మనమే చూపించి రాయించుకోవాలి. "సిల్కు" అన్నది చాలా చోట్ల పాలియెస్టరే. అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూపించమంటే, పట్టు వెంట్రుక కాలిన వాసనొచ్చి బూడిదవుతుంది, పాలియెస్టరు కరిగి ఉండ కడుతుంది.

నాలుగో రోజు తెల్లారే మి సన్. 40 కిలోమీటర్లు, గంట దారి. ఐదున్నరకి బయల్దేరితే మిగతా జనం కంటే ముందుంటారు, ఎండ కూడా పైకి రాదు. టిక్కెట్టు 1,50,000. నాలుగో శతాబ్దం ఆఖర్లో భద్రవర్మ ఇక్కడ భద్రేశ్వరుడి లింగం ప్రతిష్ఠించాడు, 13వ శతాబ్దం దాకా గుళ్లు కడుతూనే ఉన్నారు. శాసనాలు సంస్కృతంలోనూ చామ్ భాషలోనూ ఉన్నాయి. ఇటుకల మధ్య సున్నం గీత కంటికి కనిపించదు, వేలు పెట్టి చూడండి. అన్నిటికంటే గొప్పదైన 24 మీటర్ల గోపురం 1969లో అమెరికా బాంబులకి కూలిపోయింది. చుట్టూ కనిపించే గుండ్రటి నీటిగుంటలు ఆ బాంబులవే. మన పురావస్తు శాఖ వాళ్లు 2017 నుంచి కొన్నేళ్లు ఇక్కడ మూడు సముదాయాలు బాగుచేశారు. 2020లో తవ్వుతుండగా తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా లింగం బయటపడింది. ఎ అని రాసి ఉన్న సముదాయంలో అడిగితే చూపిస్తారు. చాలా బస్సులు బి, సి, డి చూపించి వెనక్కి తిప్పేస్తాయి. పదికల్లా హోయ్ ఆన్ చేరిపోవచ్చు.

ఐదో రోజు పాత ఇళ్లకి. జపాను వంతెన మరమ్మతు ముగిసి 2024 ఆగస్టులో తెరిచారు, పొద్దున్నే ఏడింటికి వెళ్తే ఖాళీగా ఉంటుంది. చైనాలోని ఫుకియెన్ నుంచి వచ్చినవాళ్ల సంఘ భవనంలో సముద్రంలో ఓడల్ని కాపాడే దేవతుంటుంది. వీటన్నిటికంటే ఎక్కువసేపు ఉండాల్సింది తాన్ కీ ఇల్లు. ఒక వాకిలి వీధిలోకి, వెనక వాకిలి నదిలోకి. వెనక తలుపు పక్క గోడ మీద ఏ ఏడు వరద ఎంత ఎత్తొచ్చిందో గీతలు పెట్టి తేదీలు రాశారు. ఎంతోకాలం అన్నిటికంటే పైన ఉన్నది 1964 గీత. మన లంకల్లో 1986 గోదారి వరద గుర్తు ఇంకా చూపించే ఇళ్లున్నాయి కదా, వాళ్లకి ఈ గోడ గురించి ఎవరూ వివరించక్కర్లేదు. తలెత్తి చూస్తే మేడ నేలలో చతురస్రంగా ఒక కంత, మీద చెక్క మూత ఉంటుంది. నీళ్లొచ్చినప్పుడు సరుకులు తాడుతో పైకి లాగే దారి అదే. చుట్టూ గోడలకి కొట్టిన బీరువాలేవీ లేవు. సామానంతా విడివిడిగా ఎత్తగలిగేదే. ఏటా మునిగే ఊళ్లో ఇల్లెలా సర్దుకోవాలో రెండు వందల ఏళ్ల కిందటే తేల్చుకున్నారు. ఈ రేవు ఎందుకు పడిపోయిందంటే కోరంగి కథే. నది మేట వేసింది, పెద్ద ఓడలు డా నాంగ్‌కి మళ్లిపోయాయి. వర్తకం పోయింది కాబట్టే పాత ఇళ్లని పడగొట్టి కొత్తవి కట్టే అవసరమూ ఎవరికీ రాలేదు.

లాంతర్ల రాత్రి చూడాలంటే వాళ్ల చాంద్రమాసంలో 14వ రోజు. పాత ఊళ్లో కరెంటు దీపాలు తగ్గించి లాంతర్లు పెడతారు. మన పంచాంగం చూసి చతుర్దశి అనుకుంటే ఒక రోజు తేడా రావచ్చు. వాళ్ల నెల అమావాస్య నాడే మొదలవుతుంది, మనది మర్నాటి పాడ్యమి నుంచి. కాబట్టి ఎక్కువసార్లు అది మన శుద్ధ త్రయోదశి నాడు పడుతుంది. వియత్నాం క్యాలెండరులోనే చూసి ఖాయం చేసుకోండి. ఆ రోజు గది ధర ఎక్కువ, నది మీద పడవలు తోసుకుంటాయి. జనం పడనివాళ్లు ఒక రోజు అటో ఇటో వెళ్లినా లాంతర్లు రోజూ వెలుగుతూనే ఉంటాయి.

తిండి, డబ్బు

హుయె పేరు చెప్పి అందరూ తినమనే బున్ బో అన్నది గొడ్డుమాంసం, పంది ఎముకల చారులో సేమ్యా. తిననివాళ్లు ముందే తెలుసుకోవాలి. మెనూలో బీ, ఓ అన్న రెండక్షరాల మాటుంటే గొడ్డుమాంసం. సీ, హెచ్, ఏ, వై అని ఉంటే శాకాహారం. హుయె బౌద్ధుల ఊరు కాబట్టి ఆ బోర్డున్న హోటళ్లు బాగానే ఉంటాయి. వాళ్ల నెలలో 1, 15 రోజుల్లో ఊళ్లో చాలామంది శాకాహారమే తింటారు. మామూలు హోటల్లో "మాంసం వద్దు" అంటే మాంసం తీసేస్తారు, చేపల సాస్ అలాగే ఉంటుంది. నిక్కచ్చిగా శాకాహారం కావాలంటే ఆ బోర్డున్న చోటికే వెళ్లాలి. కోడి తినేవాళ్లకి హోయ్ ఆన్‌లో పసుపన్నం మీద కోడి చీరికలు పెట్టి ఇచ్చే కమ్ గా హాయిగా సరిపోతుంది. రొయ్య, చేప గురించి డెల్టా వాళ్లకి నేను చెప్పేదేం ఉంది.

రూపాయికి సుమారు 300 డాంగులు. చివరి మూడు సున్నాలు కొట్టేసి, మూడుతో గుణించి, పైన పదోవంతు కలిపితే రూపాయలొస్తాయి. లక్ష డాంగులంటే 330 చిల్లర. జాగ్రత్త పడాల్సింది నోట్ల రంగు దగ్గర. 20,000, 5,00,000 నోట్లు రెండూ నీలంగానే ఉంటాయి. చీకట్లో టాక్సీలో ఒకటనుకుని ఇంకోటి ఇస్తే పదహారు వందల రూపాయలు పోయినట్టే. 5,00,000 నోట్లు వేరే జేబులో పెట్టండి. ఫోన్‌పే, గూగుల్ పే పనిచేయవనుకునే వెళ్లాలి. బ్యాంకు యాప్‌లో కార్డుకి విదేశీ వాడకం ఆన్ చేసుకోవడం, టాక్సీ పిలిచే గ్రాబ్ యాప్ పెట్టుకుని ఓటీపీతో నమోదవ్వడం ఈ రెండూ ఇక్కడున్నప్పుడే చేయాలి. అక్కడికెళ్లి కొత్త సిమ్ వేశాక ఓటీపీ పాత నెంబరుకొస్తుంది, మీరు రోడ్డు మీద నిలబడి ఉంటారు. డాలర్లు తీసుకెళ్తే మడతలు, రాతలు లేని కొత్త నోట్లు తీసుకోండి. చిరిగిన మూల ఉన్నదాన్ని కౌంటరు వాళ్లు వెనక్కి తోసేస్తారు.

మిగిలిన డాంగులు డా నాంగ్ విమానాశ్రయంలో సెక్యూరిటీలోకి వెళ్లకముందే మార్చేసుకోండి. రాజమండ్రిలో వాటిని తీసుకునేవాళ్లు దొరకడం కష్టం.